తాతగుండు కింద మూకుడు

తెల్లవారింది. మబ్బు పట్టి ఉంది. చినుకు లేదు, గాలి లేదు.

అనగనగా అని చెప్పుకునే రోజుల్లో అదొక రోజు. కోటల్లో రాజులు ఉండేవారు. కొండల మీద అడవులు ఉండేవి. కోటకీ కొండకీ మధ్య దుంగలవలస అనే ఊరు ఉండేది. ఆ ఊరి మగవాళ్లు చెట్లు కొట్టి బతికేవాళ్లు.

ఊరి చివరి ఇల్లు నూకాలుది. అడవికి పోయే దారి ఆమె గడప ముందు నుంచే పోతుంది. రోజూ పొద్దున ఆమె గుమ్మంలో నిలబడి, అడవికి పోయే గొడ్డళ్లు లెక్కపెట్టేది. సాయంత్రం తిరిగొచ్చే గొడ్డళ్లు లెక్కపెట్టేది. లెక్క సరిపోయాకే పొయ్యి వెలిగించేది.

గొడ్డళ్లే. మనుషుల్ని కాదు. మనుషుల్ని వేలు పెట్టి లెక్కపెడితే దిష్టి తగులుతుందని ఆ ఊరి నమ్మకం. ప్రతి భుజం మీదా ఒక గొడ్డలి ఉంటుంది. గొడ్డలి వచ్చిందంటే మనిషి వచ్చినట్టే.

రోజూ ఏడు. ఆ పొద్దున ఎనిమిది.

ఎనిమిదో గొడ్డలి కొత్తది. కామకు, అంటే పిడికర్రకు, ఇత్తడి పొన్ను కట్టు వేసి ఉంది. దాన్ని భుజాన వేసుకున్నవాడు రాజుగారి జెట్టి, వీరమల్లు. కుస్తీలో అతని వీపుకు మన్ను అంటించినవాడు ఆ రాజ్యంలో లేడు.

నూకాలు ఎనిమిది అని లెక్క ముగించింది గానీ, మనసు కుదుటపడలేదు. ఎందుకో తెలియాలంటే ముందు మూకుడు సంగతి తెలియాలి.

దుంగలవలసలో ఒక గరిడీ ఉంది. సాము చేసే చోటన్నమాట. దానికి గోడల్లేవు, కప్పు లేదు. చుట్టూ తాటాకు దడి, లోపల ఏటి ఇసుక. గురువు ఆదెయ్య. అరవై ఏళ్లు దాటినా గొడ్డలి దించనివాడు. నూకాలుకు బావ వరస.

కోడి కూసేసరికి దడి లోపల ఊపిరి చప్పుళ్లు వినబడేవి. దండీలు నూరు. బస్కీలు రెండు నూర్లు. ఆ తర్వాత తడి ఇసుక నింపిన గోనెసంచి వీపున వేసుకుని కొండ సగం దాకా ఎక్కి దిగాలి. కొమ్మకు కట్టిన మోకును కాళ్లు తగలకుండా చేతులతోనే పాకాలి. పచ్చి దుంగ మీద కుడిచేత్తో నూరు వేట్లు, ఎడంచేత్తో నూరు వేట్లు.

"కుడిచెయ్యి చాలదా గురువా?" అని కొత్తవాడు ఎవడైనా అడిగితే, ఆదెయ్య, "చెట్టు నీకు వాటంగా ఉన్న వైపే మొలుస్తుందా నాయనా?" అనేవాడు.

తిండి రాగి అంబలి, ఉలవచారు, ఉల్లిపాయ. నెయ్యి పండక్కి.

ఆ తిండితో, ఆ ఇసుకలో తయారైన చేతులు చూసి తీరాలి. అరచేతులు మద్దిబెరడులా ఉండేవి. అవే చేతులు, కొట్టబోయే చెట్టు మీద గువ్వగూడు కనబడితే, ఎక్కి, గుడ్డు కదలకుండా గూటిని పక్కచెట్టుకు మార్చేవి. ఆ తర్వాతే గొడ్డలి పట్టేవి.

గరిడీలో మూడు గుండురాళ్లు ఉండేవి. పిల్లగుండు, తల్లిగుండు, తాతగుండు. తాతగుండు మనిషిన్నర బరువు. దాన్ని భుజానికి ఎత్తాలి. మూడు అడుగులు నడవాలి. దించాలి.

ఎక్కడైనా ఎత్తడమే పరీక్ష. దుంగలవలసలో దించడం పరీక్ష. దించే చోట, ఇసుక మీద ఒక మట్టి మూకుడు బోర్లించి ఉంటుంది. గుండు వెళ్లి ఆ మూకుడు మీద కూర్చోవాలి. మూకుడు పగలకూడదు. పగిలితే ఆ ఏడాది అడవి లేదు.

ఆ మూకుడు నూకాలు వంటింటిది. ఆ నియమమూ ఆమెదే.

ఆమె పెనిమిటి సింహాద్రి ఒకప్పుడు అడవి పనికి మేస్త్రి. ఒకనాడు వాగుగట్టున అందరూ కలిసి ఒక దుంగ ఎత్తారు. ఎత్తడం బాగానే ఎత్తారు. దించే వేళకు చేతులు అలిసిపోయి, ఎవరో "వదిలెయ్" అన్నారు. వదిలేశారు. సింహాద్రి ఇంకా దాని కిందే ఉన్నాడు.

ఆ సాయంత్రం నుంచే నూకాలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

నెల మాసికం అయిన మర్నాడు ఆమె కూర మీద మూతగా ఉన్న మూకుడు తీసుకుని గరిడీకి వచ్చింది. ఆదెయ్య ముందు పెట్టింది.

"ఎత్తడం ఎవరైనా నేర్పుతారు బావా. దించడం నేర్పు."

అంతే అంది. ఆదెయ్య మూకుడు తీసుకుని కళ్లకద్దుకున్నాడు.

ఆనాటి నుంచి గరిడీలో మూడే మాటలు. ఎత్తు. నిలుపు. దించు. వాటిని పలికేది నూకాలు. నాలుగో మాట, ఆ "వదిలెయ్" అన్న మాట, దడి లోపల ఎవరూ అనకూడదు. అన్నవాడికి ఆ పూట అంబలి లేదు.

ఆమె "ఎత్తు" అంటే టక్కున అనేది. "నిలుపు" అంటే గట్టిగా అనేది. "దించు" మాత్రం నిండు ఊపిరంత పొడుగు.

"నూకాలత్త 'దించు' మొదలెట్టిందంటే, అది అయ్యేసరికి నా మీసం వేలెడు పెరుగుతాదిరా," అనేవాడు తవుడు. వాడు ఆ జట్టులో నవ్వులమారి.

"పెరగనీ. మీసం ఉండాలంటే మూతి ఉండాలి గదా," అనేది నూకాలు.

ఆమెకు ఒక్కడే కొడుకు, బైరాగి. తండ్రి గొడ్డలి పట్టాలని వాడి కోరిక.

మొదటి ఏడు బైరాగి తాతగుండు ఎత్తాడు. దించేటప్పుడు మోకాళ్లు వణికాయి. మూకుడు పిండి అయింది.

రెండో ఏడు మెల్లగా దించాడు. గుండు దొర్లించి చూస్తే మూకుడు నిండుగా ఉంది. జనం కేకలు పెట్టారు. నూకాలు ఆ మూకుట్లో నీళ్లు పోసి పైకెత్తి పట్టుకుంది. చాలాసేపటికి అడుగున ఒక్క బొట్టు మెరిసింది.

"కారింది," అంది.

"ఒక్క బొట్టే కదమ్మా. అందరి ముందూ. నీ కన్నకొడుకుని."

"అందుకే."

బైరాగి మూడు రోజులు తల్లితో మాట్లాడలేదు. నాలుగో రోజు ఇసుక సంచి ఎత్తుకుని కొండ ఎక్కాడు.

మూడో ఏడు గుండు మూకుడు మీద కూర్చుంటే చప్పుడే రాలేదు. నీళ్లు పోసింది. పట్టుకుంది. ఎంతసేపు పట్టుకున్నా బొట్టు లేదు. నూకాలు ఆ నీళ్లు తానే తాగేసి, సింహాద్రి గొడ్డలి కొడుకు చేతిలో పెట్టింది. పెట్టాక కూడా కాసేపు కామను పట్టుకునే ఉంది. బైరాగి లాక్కోలేదు.

అలా, ఆ తర్వాత గెలిచిన ఒక కుర్రాడితో కలిపి, ఏడు గొడ్డళ్లు అయ్యాయి.

అప్పుడు రాజుగారు కోటకు కొత్త గుమ్మం కట్టించబోయారు. దానికి అతుకు లేని ఒంటిమాను దూలం కావాలన్నారు. వానలు ముదరకముందే కొండ దిగాలన్నారు. పని నడిపించమని వీరమల్లును పంపారు.

వీరమల్లు గరిడీకి వచ్చాడు. ఇసుక కళ్లకద్దుకున్నాడు. ఆదెయ్యకు దండం పెట్టాడు. తర్వాత తాతగుండును భుజానికి కాదు, నెత్తి మీదికి ఎత్తాడు. ఎత్తి, ఒంటికాలి మీద నిలబడ్డాడు. ఆ ఊళ్లో ముందూ వెనకా ఎవరూ అలా ఎత్తలేదు. నూకాలు కూడా ఊపిరి బిగబట్టి చూసింది. ఎంత చక్కటి మనిషి, ఎంత చక్కటి బలం అనుకుంది.

వీరమల్లు గుండును విసిరేశాడు. నేల దద్దరిల్లింది. దడి మీది కోళ్లు ఎగిరిపోయాయి. ఈలలు, చప్పట్లు.

నూకాలు వంగి పెంకులు ఏరింది.

"బాబూ, మూకుడు పగిలింది."

"అంత గుండు పడితే మూకుడు పగలక పాట పాడుతుందా అమ్మా?"

అందరూ నవ్వారు. ఆమెకూ కాస్త నవ్వు వచ్చింది.

"పగలగొట్టినవాళ్లని అడవికి పంపను బాబూ."

"నన్ను పంపింది రాజుగారమ్మా," అన్నాడు వీరమల్లు. పొగరుగా అనలేదు, మర్యాదగానే అన్నాడు. "బాధపడకు. కోట నుంచి పది మూకుళ్లు పంపిస్తాను."

"మూకుళ్లకేం, మళ్లీ కుమ్మరి చేస్తాడు."

మనుషుల్ని చేసే కుమ్మరి మన ఊళ్లో లేడు అందామనుకుంది. అనలేదు. రాజాజ్ఞకు ఎదురేముంది?

అందుకే ఆ మబ్బు పట్టిన పొద్దున ఎనిమిది గొడ్డళ్లు వెళ్లాయి. అందుకే ఆమెకు మనసు కుదుటపడలేదు.

మిట్టమధ్యాహ్నం నూకాలు అంబలి కుండ ఎత్తుకుని కొండ ఎక్కింది. అప్పటికే దూలానికి ఎంచిన మద్దిమాను నేల మీద ఉంది. దాని కొమ్మలు కూడా చెక్కేశారు.

"నలభై వేట్లు అత్తా," అన్నాడు తవుడు. "మేమైతే పొద్దు వాలేదాకా కొట్టేవాళ్లం. చెట్టుకే సిగ్గేసి పడిపోయింది."

ఆదెయ్య మాత్రం ఆమె దగ్గరగా వచ్చి మెల్లగా చెప్పాడు. చెట్టు ఏ వైపు పడాలో ఆ వైపు ముందు గంటు పెట్టాలి. దాన్ని నోరు తియ్యడం అంటారు. "నోరు తియ్యి బాబూ" అంటే వీరమల్లు, "బలంగా కొడితే ఎటో ఒక వైపు పడుతుంది" అన్నాడట. బైరాగి ఏమీ అనకుండా వెళ్లి అవతలి వైపు నోరు తీసి వచ్చాడట. చెట్టు పడవలసిన చోటే పడింది. అది తన బలమే అనుకున్నాడు వీరమల్లు.

కొట్టిన మొద్దు మీద నీళ్లు పోసి, మన్నించమని అడగడం ఆ ఊరి ఆచారం. మూడు ఊపిర్లు ఆగి, పైన చిక్కుకున్న కొమ్మలేవైనా ఉంటే పడనిచ్చి, అప్పుడు పడిన మాను దగ్గరికి పోవాలి. వీరమల్లు అదీ ఆగలేదట. వెనకే ఒక కొమ్మ పడి, అతని తలపాగాను ఊడదీసుకుపోయింది. "అడవి నాకు దండం పెట్టింది" అని నవ్వేశాడట.

"రెండు తప్పులు అయ్యాయి మరదలా," అన్నాడు ఆదెయ్య.

 నూకాలు గరిటె తీసి అంబలి పోయసాగింది. అప్పుడే చినుకు మొదలైంది.

దూలాన్ని వాలు మీదుగా వాగు దాకా దింపాలి. రెండు కొసలకూ రెండు మోకులు కట్టారు. మోకును మొద్దుకు రెండు చుట్లు తిప్పి, జానెడు వదలడం, బిగించడం, మళ్లీ జానెడు. ఒక మోకు బైరాగిది. రెండోది జోగులుది. జోగులు ఆ ఏడే మూకుడు గెలిచినవాడు, అందరికన్నా చిన్న.

చినుకు వాన అయింది. ఎర్రమట్టి జారుడు కట్టింది.

వీరమల్లుకు ఓపిక పోయింది. "ఇలా జానలు కొలిస్తే వచ్చే ఏటికి దిగుతుంది. కిందికి నేను పోతాను. అడ్డం నిలబడి ఆపుతాను. మీరు మోకు వదిలెయ్యండి."

ఆ మాట.

నూకాలు చేతిలో గరిటె ఆగింది. ఎవరూ కదల్లేదు. బైరాగి మోకును మరో చుట్టు బిగించాడు.

"రాజుగారి పని ఇది! వదిలెయ్!" అని వాలు కిందికి దిగి నిలబడి గద్దించాడు వీరమల్లు.

జోగులు బెదిరిపోయాడు. చెయ్యి వదిలేశాడు.

దూలం ఒక కొస తప్పి గిర్రున తిరిగింది. వీరమల్లు పారిపోలేదు. ఎదురెళ్లి రొమ్ముతో ఆపాడు. నిజంగానే ఆపాడు. మూడు ఊపిర్లంతసేపు ఆ దూలం ఆ ఒక్క మనిషి మీద నిలబడింది. చూసినవాళ్లు చచ్చేదాకా ఆ మాట చెప్పుకున్నారు. కానీ మట్టికి అతని బలంతో పనేముంది? కాలి కింద జారింది. అతను పడ్డాడు. దూలం కొస అతని కాలి మీద దిగింది.

అంతకుమించి జారకుండా బైరాగి మోకు ఆపింది.

బైరాగి మోకును మొద్దుకు ముడి వేసి కిందికి దూకాడు. అందరూ దిగారు. చూస్తే, పై వైపు నిలబడే చోటు లేదు, అంతా బండ. ఎత్తితే కింది వైపు నిలబడి భుజాలతో ఎత్తాలి. చెయ్యి తప్పిందా, దూలం తమ మీదుగానే పోతుంది.

"ఎత్తి అవతల పారెయ్యండి," అని మూలిగాడు వీరమల్లు.

"అవతల మేమే ఉన్నాం బాబూ," అన్నాడు తవుడు. అప్పుడు మాత్రం వాడు నవ్వలేదు.

బైరాగి అందరికన్నా కింద, బరువు దిగే చోట భుజం పెట్టాడు. సింహాద్రి కూడా అక్కడే పెట్టేవాడు. నూకాలు చూసింది. కొడుకు చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కుపోవాలనిపించింది.  దూలం కింద ఇంకో తల్లి కొడుకు ఉన్నాడు.

"అమ్మా, నువ్వు చెప్పు," అన్నాడు బైరాగి.

ఆమె కుండ పక్కన పెట్టింది. కొంగు నడుముకు దోపుకుంది.

"ఎత్తు."

ఆరు భుజాలు ఒక్కసారి లేచాయి. కొస బెత్తెడు లేచింది.

"నిలుపు."

నిలిచింది. ఆదెయ్య, నూకాలు చెరో చంకా పట్టి వీరమల్లును లాగారు. తాతగుండు కన్నా బరువు. వాన కళ్లల్లో కొడుతోంది. అడుగు, ఇంకో అడుగు. కాలు బయటపడింది.

"గొడ్డళ్లు," అన్నాడు ఆదెయ్య.

దూలం కూర్చోవడానికి కింద ఏదో ఒకటి ఉండాలి. ఇద్దరూ గొడ్డళ్లు ఏరి తెచ్చి, బండకూ దూలానికీ నడుమ దూర్చారు. ఏడు పాతవి. ఎనిమిదోది ఇత్తడి పొన్ను వేసినది. ఎత్తి పట్టినవాళ్ల కాళ్లు చీలమండ దాకా బురదలో దిగిపోయాయి. బైరాగి మెడ నరాలు మోకుల్లా లేచాయి.

"అత్తా," అన్నాడు తవుడు పళ్ల మధ్య నుంచి, "ఈ ఒక్కసారికి తొందరగా అను."

నూకాలు ఊపిరి నిండా పీల్చుకుంది.

"దిం... చు..."

తొందరపడలేదు. ఎప్పటిలాగే నిండు ఊపిరంత పొడుగు. ఆ మాట సాగినంతసేపూ దూలం దిగింది. వెంట్రుక వాసి, వెంట్రుక వాసి. గొడ్డళ్ల మీద కూర్చుంది. చప్పుడు రాలేదు.

"జోగులూ, రా."

వచ్చాడు.

"పెంటయ్యా. సన్నాసీ. గవరయ్యా. తవుడూ."

ఒక్కొక్కరే భుజం తీసి పక్కకు వచ్చారు. దూలం కదల్లేదు. చివరికి ఒక్కడే మిగిలాడు.

"బైరాగీ."

వచ్చాడు.

వీరమల్లు కళ్లు మూసుకుని బురదలో పడి ఉన్నాడు. ఆ పెద్ద చప్పుడు కోసం కాచుకుని ఉన్నాడు.

"అమ్మా, ఇంకా పడలేదా?"

"పడదు బాబూ. దించాం."

అతను కళ్లు తెరిచి దూలం వైపు చూశాడు. తర్వాత ఆమె వైపు చూశాడు. ఆ మగవాడి కళ్లల్లోది వానో కాదో ఎవరూ అడగలేదు.

దూలం సంగతి అంటారా? వాన వెలిశాక జానెడు జానెడుగా తొమ్మిది రోజులకు దిగింది. గీత కూడా పడలేదు. కోటగుమ్మం ఎక్కింది. ఎవరు దింపారని రాజుగారు అడిగితే, వీరమల్లు, "దుంగలవలస మూకుడు" అన్నాడు. కాలు అతికాక అతను కుంటుకుంటూ గరిడీకి వచ్చి, తాతగుండును కాదు, పిల్లగుండును పట్టాడు. మొదటి మూకుడు పగలగొట్టాడు. రెండోది కారింది. మూడోది కారలేదు. ఆ మూకుడు నీళ్లతోనే నూకాలు అతని చేతికి ఇచ్చింది. మోకు వదిలిన జోగులుకు మాత్రం ఆ వానరోజు మర్నాడు అంబలి పెట్టలేదు. దాని తర్వాతి పూట రెండు ముంతలు పెట్టింది.

ఇదంతా తర్వాతి మాట. ఆ రోజుకు వద్దాం.

సాయంత్రం. వాన తగ్గి తుంపర పడుతోంది. వీరమల్లును డోలీ కట్టి మోసుకుని దిగుతున్నారు. నూకాలు అడ్డదారిన ముందుగా వచ్చి తన గడపలో నిలబడింది. అందరూ క్షేమమని ఆమెకు తెలుసు. కళ్లారా చూసింది. అయినా నిలబడింది.

దారి మలుపు తిరిగి వాళ్లు వచ్చారు. అలవాటుగా ఆమె వేలు లేచింది. లెక్కపెట్టడానికి ఒక్క గొడ్డలీ లేదు. ఎనిమిదీ దూలం కిందే ఉన్నాయి.

లేచిన వేలు లేచినట్టే ఉండిపోయింది. తర్వాత ఆమె గడప దిగి దారిలోకి వచ్చింది. దిష్టి నాకే తగలనీ అనుకుంది. ఒక్కొక్కరి తడి తల మీదా చెయ్యి పెట్టింది. పైకే లెక్కపెట్టింది.

"ఆదెయ్య బావ, ఒకటి. తవుడు, రెండు."

"మీసం కూడా వచ్చింది అత్తా. లెక్క రాసుకో," అన్నాడు తవుడు.

"పెంటయ్య, మూడు. సన్నాసి, నాలుగు. గవరయ్య, అయిదు. జోగులు, ఆరు."

జోగులు తల ఎత్తలేదు. ఆమె వాడి గడ్డం పట్టి ఎత్తింది.

"బైరాగి, ఏడు."

ఆ తల మీద చెయ్యి కాస్త ఎక్కువసేపు ఉంది. తర్వాత డోలీ మీదికి వంగింది.

"వీరమల్లు, ఎనిమిది."

లెక్క సరిపోయింది. నూకాలు లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించింది.

ఎత్తినవాడి బలాన్ని ఊరు చూస్తుంది. దించినవాడి బలం వల్ల ఊరు ఇల్లు చేరుతుంది.